జిరాక్స్ షాపులో తెరిచిన వాట్సాప్ మూసేశారా? మీ పాత చాట్లు ఎక్కడెక్కడ ఉంటాయి, ఎవరు చూడగలరు?

హాల్‌టికెట్ ప్రింట్ తీసుకోవాలి. ఫైలు ఫోన్‌లో ఉంది. వీధి చివర జిరాక్స్ షాపుకు వెళ్తే 'వాట్సాప్ వెబ్ ఓపెన్ చేసుకోండి' అంటారు. క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తాం, ఫైలు డౌన్‌లోడ్ చేస్తాం, డబ్బులిచ్చి కాగితం తీసుకుని వచ్చేస్తాం. వచ్చేటప్పుడు లాగౌట్ చేశామా లేదా అన్నది చాలామందికి గుర్తుండదు.

చేయకపోతే ఏమవుతుంది?

ఆ కంప్యూటర్ ముందు కూర్చున్న ఎవరైనా మీ చాట్లు చదవొచ్చు. అమ్మకు పంపిన బ్యాంకు పాస్‌బుక్ ఫొటో, డాక్టర్‌కు పంపిన రక్త పరీక్ష రిపోర్టు, స్నేహితురాలు నమ్మి చెప్పుకున్న ఇంటి గొడవ, అన్నీ వాళ్లకు కనిపిస్తాయి. మీ పేరుతో కొత్త మెసేజ్‌లు పంపడం కూడా సాధ్యమే.

దీనికి హ్యాకింగ్ తెలియాల్సిన పనిలేదు. తలుపు మనమే తీసి వచ్చాం. ప్రైవేట్ చాట్లు బయటపడే దారుల్లో ఎక్కువ భాగం ఇలాంటివే. అవేంటి, వాటిని ఎలా మూసుకోవాలి, ఫోన్ పోయినా నంబర్ మారినా ఏం చేయాలి, పోలీసులు ఫోన్ అడిగితే చట్టం ఏం చెబుతోంది? ఒక్కొక్కటిగా చూద్దాం.

ఎన్‌క్రిప్షన్ ఉందిగా, ఇంకా భయమెందుకు?

వాట్సాప్‌లో మెసేజ్‌లన్నింటికీ 2016 ఏప్రిల్ నుంచి ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ ఉంది. అంటే మీ ఫోన్ నుంచి బయల్దేరిన మెసేజ్ తాళం వేసిన పెట్టెలో వెళ్తుంది. ఆ తాళంచెవి అవతలివారి ఫోన్‌లోనే ఉంటుంది. మధ్యలో టెలికాం కంపెనీ గానీ, వైఫై ఇచ్చిన హోటల్ గానీ, చివరికి వాట్సాప్ గానీ దాన్ని చదవలేవు.

అయితే ఈ తాళం దారిలోనే. మెసేజ్ చేరాక పెట్టె తెరుచుకుంటుంది. ఆ తర్వాత అది అవతలివారి ఫోన్‌లో మామూలుగా చదవగలిగే రూపంలో ఉంటుంది. ఆ ఫోన్ ఎవరి చేతిలో ఉంటే వారికి చాట్ కూడా అందుబాటులో ఉన్నట్టే.

2020లో నటుడు సుశాంత్ సింగ్ రాజ్‌పుత్ మృతి తర్వాత సాగిన దర్యాప్తు సమయంలో సినీ ప్రముఖుల పాత వాట్సాప్ చాట్లు టీవీ తెరల మీదకు వచ్చాయి. 'ఎన్‌క్రిప్షన్ ఉందన్నారుగా, ఎలా బయటికొచ్చాయి?' అని అప్పట్లో చాలామంది అడిగారు. తమ ఎన్‌క్రిప్షన్‌లో లోపం లేదని, ఫోన్‌లో నిల్వ ఉన్న సమాచారానికి పాస్‌వర్డ్, వేలిముద్ర లాంటి రక్షణలు వాడుకోవాలని వాట్సాప్ అప్పుడు వివరణ ఇచ్చింది. దారిలో ఎవరూ చదవకపోయినా ఫోన్‌లో నుంచి చాట్ బయటకు రాగలదన్నది అందులోని సారాంశం.

ఒక చాట్ ఎన్ని చోట్ల ఉంటుంది?

మీరు ఒక్కరికే పంపిన మెసేజ్ ఒక్కచోటే ఉంటుందనుకుంటే పొరపాటు. అది మీ ఫోన్‌లో ఉంటుంది, అవతలివారి ఫోన్‌లో ఉంటుంది. మీ ఇద్దరూ బ్యాకప్ పెట్టుకుంటే గూగుల్ లేదా ఐక్లౌడ్ ఖాతాల్లో ఉంటుంది. ఇద్దరిలో ఎవరైనా ఆఫీసు కంప్యూటర్‌లో వాట్సాప్ తెరిస్తే అక్కడా ఉంటుంది. చెరిపేయకుండా అల్మారాలో పడేసిన పాత ఫోన్‌లో ఇంకో కాపీ ఉండొచ్చు.

పంపిన మెసేజ్‌ను అందరికీ డిలీట్ చేయాలంటే వాట్సాప్ ఇచ్చే సమయం సుమారు రెండున్నర రోజులు. అది దాటితే మీ ఫోన్‌లో మాత్రమే పోతుంది. ఈలోపు అవతలివారు స్క్రీన్‌షాట్ తీసి ఉంటే దాన్ని వెనక్కి తెచ్చే మార్గం లేదు.

లింక్డ్ డివైసెస్: ముందుగా చూడాల్సింది ఇదే

వాట్సాప్ సెట్టింగ్స్‌లో 'లింక్డ్ డివైసెస్' అని ఉంటుంది. ఆండ్రాయిడ్‌లో పైన కనిపించే మూడు చుక్కల మీద నొక్కినా వస్తుంది. ఒక ఖాతాకు నాలుగు పరికరాల వరకు అనుసంధానం చేసుకోవచ్చు. అక్కడ ఏ కంప్యూటర్, ఏ బ్రౌజర్, చివరిసారి ఎప్పుడు వాడారు అన్నది కనిపిస్తుంది. మీకు తెలియనిది ఏది కనిపించినా దానిమీద నొక్కి లాగౌట్ చేయండి. షాపుకు మళ్లీ వెళ్లక్కర్లేదు, ఫోన్ నుంచే అక్కడ మూసుకుపోతుంది.

వదిలేస్తే దానంతట అదే పోతుందిలే అనుకోవద్దు. ప్రధాన ఫోన్‌ను 14 రోజులకు పైగా వాడకపోతే లింక్ అయిన పరికరాలు లాగౌట్ అవుతాయి. రోజూ ఫోన్ వాడేవారికి ఈ నిబంధన అక్కరకు రాదు. కంప్యూటర్‌లో తెరిచిన మెసేజింగ్ యాప్‌లు ఆరు గంటలకోసారి లాగౌట్ అయ్యేలా చూడాలని 2025 నవంబరులో కేంద్ర టెలికాం శాఖ ఆయా కంపెనీలకు ఆదేశాలిచ్చింది. ఆరు గంటలైనా సరే, మీ చాట్లన్నీ చదవడానికి చాలా ఎక్కువ సమయమే.

ఈ లింకింగ్‌నే మోసగాళ్లూ వాడుకుంటున్నారు. 'ఈ ఫొటోలో ఉన్నది నువ్వేనా?' అంటూ తెలిసినవారి నంబర్ నుంచే ఒక లింక్ వస్తుంది. నొక్కితే ఫోన్ నంబర్ అడుగుతుంది. తర్వాత ఒక కోడ్ చూపించి, వాట్సాప్‌లో కొట్టమంటుంది. కొట్టారంటే మోసగాడి కంప్యూటర్‌ను మీ ఖాతాకు మీరే కలిపినట్టు. సిమ్ కాజేయకుండా, పాస్‌వర్డ్ అడగకుండా జరిగే ఈ మోసాన్ని 'ఘోస్ట్ పెయిరింగ్' అంటున్నారు. దీనిపై కేంద్ర సంస్థ సెర్ట్-ఇన్ 2025 డిసెంబరులో హెచ్చరిక జారీ చేసింది.

మరి ప్రింట్ ఎలా? ఆ ఒక్క ఫైలునే షాపు ఈమెయిల్‌కు పంపండి, లేదా పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లండి. షాపు వాట్సాప్ నంబర్‌కు పంపితే ప్రింట్ రాగానే అందరికీ డిలీట్ చేయండి, డౌన్‌లోడ్ చేసిన ఫైలు కూడా తీసేయమని చెప్పండి. ఆధార్ అయితే చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ఆధార్‌ను ఉడాయ్ వెబ్‌సైట్ నుంచి డౌన్‌లోడ్ చేసుకోవచ్చు.

బ్యాకప్‌కు వేరే తాళం ఉందా?

ఉంది, కానీ మీరు వేయాలి. గూగుల్ ఖాతాకో ఐక్లౌడ్‌కో వెళ్లే వాట్సాప్ బ్యాకప్‌కు ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ పెట్టుకునే సదుపాయం 2021లో వచ్చింది. సెట్టింగ్స్‌లో చాట్స్, అందులో చాట్ బ్యాకప్, అందులో ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్టెడ్ బ్యాకప్‌లోకి వెళ్లి దాన్ని ఆన్ చేసుకోవాలి. పాస్‌వర్డ్ పెట్టుకోవచ్చు, లేదా 64 అంకెలు, అక్షరాలు కలిసిన కీ తీసుకోవచ్చు.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఈ పాస్‌వర్డ్ మర్చిపోయి, ఫోన్ కూడా పోతే ఆ బ్యాకప్‌ను వాట్సాప్ కూడా తెరిచి ఇవ్వలేదు. చనిపోయిన తండ్రి పంపిన ఆఖరి వాయిస్ మెసేజ్ లాంటివి చాట్‌లో ఉంటే వాటిని విడిగా దాచుకోవడం మేలు.

బ్యాకప్ ఏ గూగుల్ ఖాతాలోకి వెళ్తోందో కూడా చూసుకోండి. ఫోన్ కొన్నప్పుడు షాపువాళ్లో, బంధువుల అబ్బాయో తెరిచి ఇచ్చిన ఖాతా అయితే దాని పాస్‌వర్డ్ వెంటనే మార్చండి.

ప్రభుత్వ సేవల చాట్‌లు, ఏఐ, ఇతర యాప్‌ల సంగతి?

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025 జనవరి 30న 'మన మిత్ర' పేరుతో వాట్సాప్‌లో పౌర సేవలు మొదలుపెట్టింది. తొలి దశలోనే 161 సేవలు అందుబాటులోకి వచ్చాయి. దాని నంబర్ 95523 00009. తెలంగాణలోనూ మీసేవ వాట్సాప్‌లోకి వచ్చింది. బ్యాంకులు, ఆసుపత్రులు, గ్యాస్ ఏజెన్సీలు కూడా ఇలాంటి ఖాతాలు నడుపుతున్నాయి.

ఇలాంటి చోట అవతలి వైపు ఉండేది ఒక వ్యక్తి కాదు, ఒక సంస్థ. మీరు పంపిన పత్రాలను ఆ సంస్థ సిబ్బందో, దాని తరఫున వ్యవస్థను నడిపే మరో కంపెనీయో చూడొచ్చు. అడిగిన పత్రం మాత్రమే పంపండి. నంబర్‌ను అధికారిక వెబ్‌సైట్‌లో సరిచూసుకోండి. మెటా ఏఐని అడిగే ప్రశ్నలు కూడా మెటా కంపెనీకి చేరతాయి. అవి స్నేహితుడికి పంపే మెసేజ్ లాంటివి కావు.

టెలిగ్రామ్‌లో మామూలు చాట్లకు ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ ఉండదు. అవి కంపెనీ సర్వర్లలో ఉంటాయి. 'సీక్రెట్ చాట్' ఎంచుకుంటేనే ఆ రక్షణ వస్తుంది. సిగ్నల్‌లో మొదటినుంచీ అన్ని చాట్లకూ ఉంది.

వాట్సాప్‌లో ఒకరిపై రిపోర్ట్ కొడితే ఆ వ్యక్తి మీకు పంపిన చివరి ఐదు మెసేజ్‌ల వరకు పరిశీలన కోసం కంపెనీకి వెళ్తాయన్నది కూడా గుర్తుంచుకోండి.

ఫోన్ పోతే మొదటి గంటలో ఏం చేయాలి?

చాలామంది ముందు పోలీసు స్టేషన్‌కు పరుగెడతారు. అది అవసరమే. కానీ అంతకంటే ముందు మరొకరి ఫోన్ లేదా కంప్యూటర్ నుంచి మీ గూగుల్ ఖాతాలోకి వెళ్లి ఫోన్‌ను లాక్ చేయండి. దొరికే ఆశ లేదనిపిస్తే అక్కడి నుంచే డేటా మొత్తం చెరిపేయొచ్చు. ఐఫోన్‌కు 'ఫైండ్ మై'లో ఇదే సదుపాయం ఉంది.

రెండోది, టెలికాం కంపెనీకి ఫోన్ చేసి సిమ్ బ్లాక్ చేయించి, అదే నంబర్‌తో కొత్త సిమ్ తీసుకోండి. ఆ సిమ్‌తో మరో ఫోన్‌లో వాట్సాప్ తెరిస్తే పోయిన ఫోన్‌లో అది లాగౌట్ అవుతుంది.

మూడోది, పోలీసు ఫిర్యాదు కాపీతో కేంద్ర ప్రభుత్వ 'సంచార్ సాథీ' పోర్టల్‌లో, సీఈఐఆర్ విభాగంలో ఫోన్‌ను బ్లాక్ చేయించండి. దానికి ఐఎంఈఐ నంబర్ కావాలి. అది ఫోన్ కొన్న బిల్లు మీద, డబ్బా మీద ఉంటుంది. ఫోన్ చేతిలో ఉండగానే *#06# నొక్కి ఆ నంబర్ రాసిపెట్టుకోవడం మంచిది.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. సీఈఐఆర్‌లో బ్లాక్ చేస్తే ఆ ఫోన్‌లో ఏ సిమ్ వేసినా నెట్‌వర్క్ రాదు. అంతేగానీ లోపలున్న చాట్లు, ఫొటోలు చెరిగిపోవు. వైఫై దొరికితే ఫోన్ పనిచేస్తూనే ఉంటుంది. అందుకే గూగుల్ లేదా ఆపిల్ ఖాతా నుంచి లాక్ చేయడం, కొత్త సిమ్‌తో వాట్సాప్‌ను లాక్కోవడం తప్పనిసరి.

రిపేరుకు ఇచ్చేటప్పుడు, అమ్మేటప్పుడు?

డిస్‌ప్లే మార్చడానికి పాస్‌వర్డ్ ఎందుకని అడగడానికి మొహమాటపడొద్దు. శాంసంగ్ ఫోన్లలో 'మెయింటెనెన్స్ మోడ్', పిక్సెల్ ఫోన్లలో 'రిపేర్ మోడ్' ఉన్నాయి. అవి ఆన్ చేస్తే రిపేరు చేసేవారు ఫోన్‌ను పరీక్షించగలరు, మీ చాట్లు మాత్రం కనిపించవు. మీ ఫోన్‌లో అలాంటిది లేకపోతే, వీలైతే మీ ఎదుటే పని చేయించుకోండి.

అమ్మేటప్పుడు వాట్సాప్ ఒక్కటి తీసేస్తే సరిపోదు. బ్యాకప్ తీసుకున్నాక గూగుల్ లేదా ఆపిల్ ఖాతా నుంచి లాగౌట్ చేసి, సిమ్, మెమరీ కార్డు తీసేసి, ఫ్యాక్టరీ రీసెట్ చేయండి.

నంబర్ వదిలేస్తే చాట్లు ఎవరికి పోతాయి?

అమెరికాకో, గల్ఫ్‌కో వెళ్లినవారు ఇక్కడి నంబర్‌కు రీచార్జ్ చేయడం మానేస్తుంటారు. కొన్నాళ్లకు ఆ నంబర్ రద్దవుతుంది. తర్వాత వేరొకరికి వెళ్తుంది.

ఈ అంశం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. రద్దయిన నంబర్‌ను కనీసం 90 రోజుల వరకు కొత్తవారికి ఇవ్వబోమన్న సమాచారాన్ని 2023 నవంబరులో కోర్టు నమోదు చేసింది. 45 రోజులు వాడకుండా ఉన్న ఖాతా మరో ఫోన్‌లో తెరుచుకుంటే పాత ఖాతా వివరాలు తీసేస్తామని వాట్సాప్ చెబుతోంది. నంబర్ వదిలేసే ముందు పాత డేటా తొలగించుకోవడం వినియోగదారుడి బాధ్యతేనన్నది ఆ కేసులో తేలిన విషయం.

మీ పాత చాట్లు కొత్త వ్యక్తికి కనిపించవు. అవి మీ ఫోన్‌లోనే ఉంటాయి. కానీ విషయం తెలియని మీ బంధువులు ఆ నంబర్‌కే 'నాన్నకు ఆపరేషన్, ఖాతాలో డబ్బు వేశాను' అని పంపితే అది కొత్త వ్యక్తికి చేరుతుంది. కాబట్టి పాత నంబర్ పనిచేస్తుండగానే సెట్టింగ్స్‌లోని అకౌంట్ విభాగంలో 'చేంజ్ నంబర్' వాడండి. చాట్లు, గ్రూపులు కొత్త నంబర్‌కు మారతాయి. బ్యాంకు, ఆధార్‌లలో కూడా నంబర్ మార్చుకోండి.

పోలీసులు ఫోన్ చూపించమంటే?

2021 అక్టోబరులో హైదరాబాద్‌లో గంజాయిపై తనిఖీల సమయంలో పోలీసులు రోడ్డు మీద వెళ్లేవారిని ఆపి, వాళ్ల ఫోన్లలోని చాట్లను వెతుకుతున్న వీడియోలు బయటికొచ్చాయి. ఇది చట్టబద్ధమేనా అన్న చర్చ జరిగింది.

వ్యక్తిగత గోప్యత రాజ్యాంగంలోని 21వ అధికరణ కింద ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు ఇచ్చింది. ప్రభుత్వం అందులో జోక్యం చేసుకోవాలంటే దానికి చట్టం ఉండాలి, న్యాయమైన అవసరం ఉండాలి, ఆ అవసరానికి మించకూడదు.

దర్యాప్తులో ఉన్న కేసుకు అవసరమైతే ఫోన్ ఇవ్వాలని కోరే అధికారం భారతీయ నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 94 ఇస్తోంది. కోర్టు సమన్ల ద్వారా గానీ, స్టేషన్ ఇన్‌చార్జి అధికారి రాతపూర్వక ఉత్తర్వు ద్వారా గానీ అడగాలి. సోదా, స్వాధీనం చేసేటప్పుడు వీడియో తీయాలని సెక్షన్ 105 చెబుతోంది. పాస్‌వర్డ్ చెప్పమని నిందితుణ్ని బలవంతం చేయొచ్చా అన్నదానిపై కోర్టులు వేర్వేరు అభిప్రాయాలు చెప్పాయి.

కాబట్టి రోడ్డు మీద ఎవరైనా ఫోన్ అన్‌లాక్ చేయమంటే ఏ కేసులో, ఏ ఉత్తర్వు ప్రకారం అడుగుతున్నారో మర్యాదగా తెలుసుకోవచ్చు. వాగ్వాదానికి దిగొద్దు. అధికారి పేరు, స్టేషన్, సమయం రాసుకుని తర్వాత న్యాయవాదిని సంప్రదించండి. ఫోన్ స్వాధీనం చేసుకుంటే దానికి సంబంధించిన పత్రం కాపీ అడగండి.

చాట్ బయటపెడతానని ఎవరైనా బెదిరిస్తే?

మొదట వచ్చే ఆలోచన, మొత్తం డిలీట్ చేసేయాలని. ఆ పని చేయొద్దు. బెదిరింపు మెసేజ్‌లే మీ చేతిలో ఉన్న సాక్ష్యం. నంబర్, తేదీ, సమయం కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీసుకోండి. చాట్‌ను కూడా ఫోన్‌లో అలాగే ఉంచండి. డబ్బులు పంపొద్దు. ఒకసారి పంపితే మళ్లీ అడుగుతారు.

డబ్బు పోయి ఉంటే వెంటనే 1930కు ఫోన్ చేయండి. ఇతర ఫిర్యాదులు జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఇవ్వొచ్చు. మహిళలు తెలంగాణలో షీ టీమ్స్‌ను, ఆంధ్రప్రదేశ్‌లో శక్తి యాప్‌ను ఆశ్రయించవచ్చు. వ్యక్తిగత చిత్రాలు బయటపెడతానని బెదిరిస్తే 'స్టాప్ ఎన్‌సీఐఐ' అనే వెబ్‌సైట్ ఉపయోగపడుతుంది. 18 ఏళ్లు నిండినవారికి ఉద్దేశించిన ఈ వెబ్‌సైట్‌లో, ఫొటో మీ ఫోన్ దాటకుండానే దానికి ఒక డిజిటల్ గుర్తు తయారై, అందులో భాగస్వాములైన సోషల్ మీడియా కంపెనీలకు చేరుతుంది.

బెదిరించేది బయటివారే కానక్కర్లేదు. ఇష్టానికి వ్యతిరేకంగా ఒక మహిళ ఇంటర్నెట్, ఈమెయిల్ వంటి వాటి వాడకంపై నిఘా పెట్టడాన్ని భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 78 వెంటాడి వేధించడంగా పరిగణిస్తుంది. మొదటిసారి నేరం రుజువైతే మూడేళ్ల వరకు జైలు శిక్ష పడొచ్చు. 'ప్రేమ ఉంటే పాస్‌వర్డ్ చెప్పు' అనేవారికి కూడా ఇది తెలియాలి.

ఇప్పుడే చేయాల్సిన ఐదు పనులు

1. లింక్డ్ డివైసెస్ తెరిచి, తెలియని పరికరాలన్నీ లాగౌట్ చేయండి.

2. అకౌంట్ విభాగంలో టూ స్టెప్ వెరిఫికేషన్ ఆన్ చేసి ఆరు అంకెల పిన్ పెట్టండి. ఓటీపీ ఎవరి చేతికి చిక్కినా పిన్ లేకుండా మీ ఖాతా వెంటనే వారి వశం కాదు.

3. బ్యాకప్‌కు ఎన్‌క్రిప్షన్ పెట్టి, పాస్‌వర్డ్‌ను కాగితం మీద రాసి ఇంట్లో భద్రంగా ఉంచండి.

4. ఫోన్‌కు స్క్రీన్ లాక్ ఉన్నా వాట్సాప్‌కు విడిగా యాప్ లాక్ పెట్టండి. అతి వ్యక్తిగతమైన సంభాషణలకు 24 గంటలు, 7 రోజులు లేదా 90 రోజుల్లో మాయమయ్యే మెసేజ్‌ల సదుపాయం వాడండి.

5. ఐఎంఈఐ నంబర్ రాసిపెట్టుకోండి.

ఇదంతా పది నిమిషాల పని. 'నా ఫోన్‌లో దాచాల్సిందేముంది?' అనుకునేవారు ఒకసారి పాత చాట్లు వెనక్కి జరిపి చూడండి. అందులో సగం మాటలు మీవి కావు. మిమ్మల్ని నమ్మి ఎవరో చెప్పినవి. అమ్మానాన్నల ఫోన్‌లోనూ ఈ ఐదూ మీరే దగ్గరుండి పెట్టించండి. జిరాక్స్ షాపుకు ఎక్కువగా వెళ్లేది వాళ్లే.